పదిహేడో మేకు

తాళాల మేస్త్రికి చదువు మీద మనసు పుట్టింది అరవై రెండో ఏట. చిన్నప్పుడు బడి పేరు చెబితే గోడ దూకి పారిపోయిన మనిషి, ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే తల దువ్వుకుని, నోటుపుస్తకం చంకలో పెట్టుకుని, లైబ్రరీ వెనక గదిలో జరిగే కంప్యూటర్ క్లాసులో మొదటి కుర్చీ పట్టుకుంటున్నాడు. ఆలస్యంగా వచ్చినా బుద్ధి రావడం మంచిదే. కానీ వచ్చేటప్పుడు అది ఎవరిని వెంటబెట్టుకొస్తుందో ఎవరికి తెలుసు.

ఈ చదువుకు కారణం మేస్త్రి భార్య. పక్క వీధిలో మెషీను పెట్టి నిమిషంలో తాళంచెవులు కోసే కొట్టు ఒకటి వెలిసింది. వాళ్ళకు వెబ్‌సైటు ఉంది. జనం తాళం పోగానే ఫోను తీసి వెతుక్కుని అక్కడికే పోతున్నారు. ఒకరోజు ఆవిడ అన్నం వడ్డిస్తూ, "మన కొట్టు ఫోన్లో లేదండీ. ఫోన్లో లేనిది ఊళ్ళో లేనట్టే" అంది. నలభై ఏళ్ళుగా ఆకురాయి పట్టిన చేతులకు ఆ మాట చురుక్కుమంది. మర్నాడే వెళ్ళి క్లాసులో చేరాడు.

మేస్త్రికి ఒక అలవాటుంది. ఎవరికి తాళంచెవి చేసినా రెండు చేస్తాడు. ఒకటి వాళ్ళకు, రెండోది తన కొట్టు గోడకు. గోడనిండా వరసగా మేకులు, మేకుకో చెవి, చెవికో అట్టముక్క, అట్టముక్క మీద మనిషి పేరు, వీధి, ఇంటి గుర్తు. ఎవరైనా పోగొట్టుకుని లబోదిబోమంటూ వస్తే, మేస్త్రి వెనక్కి కూడా తిరగకుండా చెయ్యి చాపి తీసి ఇచ్చేవాడు. అదే అతని గొప్ప. గోడలకు చెవులుంటాయంటారు గానీ మన గోడకు మూడువందల పన్నెండున్నాయని భార్య వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. చేసిన ప్రతి చెవికీ తల దగ్గర గోరంత మూడుమూలల గాటు ఒకటి పెట్టేవాడు. తాళం తిరగడానికి దానితో పనేమీ లేదు. ఇది నా చేతిపని అని చెప్పుకోవడానికి, అంతే.

పదిహేడో మేకు మీదున్నది కంప్యూటర్ టీచరమ్మది.

మూడేళ్ళ క్రితం ఆమె ఈ ఊరికి కొత్తగా వచ్చి, లైబ్రరీ వెనక వీధిలో పచ్చ గేటు ఇంట్లో పైగది అద్దెకు తీసుకుంది. ఒక్క గదికి మూడు గడియలు, ఒక మంచి తాళం కావాలంది. ఇన్నెందుకమ్మా, లోపలేమైనా నిధి ఉందా అని మేస్త్రి హాస్యమాడాడు. ఆమె నవ్వలేదు. తలుపుకు వీపు ఆనించి నిలబడి చెప్పింది.

"మా ఆయన వెతుకుతున్నాడు బాబాయ్. ఎక్కడున్నా దొరకబుచ్చుకుంటానన్నాడు. దొరికితే బతకనివ్వడు. నా పేరు బిల్లు మీద కూడా రాయొద్దు."

మేస్త్రి బిల్లు మీద రాయలేదు. నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భార్యకు కూడా. ఊరందరికీ ఆమె టీచరమ్మే. కానీ ఇంటి ఓనరు పంపిన చీటీలో ఆమె పూర్తిపేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఆ చీటీ చూసి అట్టముక్క రాయడం అంతకుముందే అయిపోయింది. రెండో చెవి మేకుకు ఎక్కింది. అది అతనికి రాసినట్టే అనిపించలేదు. గోడ తనది, కొట్టు తనది. మనిషికి తన అలవాటు కంటికి కనపడదు, అదే వచ్చిన చిక్కు.

టీచరమ్మ పాఠం చెబితే మొద్దబ్బాయికి కూడా ఎక్కేది. ఎవరి పని వాళ్ళ భాషలోనే చెప్పేది. మేస్త్రికి చెప్పేటప్పుడు అంతా తలుపులూ తాళాలే. వెబ్‌సైటంటే మీ కొట్టు బాబాయ్, డొమైన్ అంటే బోర్డు మీద పేరు, హోస్టింగంటే కొట్టు పెట్టుకోవడానికి అద్దెకు తీసుకున్న చోటు, హోమ్ పేజీ అంటే గుమ్మం, లింకంటే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తలుపు, బ్రౌజరంటే జనాన్ని మీ గుమ్మం దాకా మోసుకొచ్చే బండి. మన దగ్గర్నుంచి అక్కడికెక్కిస్తే అప్‌లోడు, అక్కణ్ణించి దించుకుంటే డౌన్‌లోడు. పేజీ రాసే భాషలో ట్యాగులుంటాయి, తెరిచిన ప్రతి ట్యాగునూ మూసెయ్యాలి, తెరిచి వదిలేస్తే కిందున్నదంతా చెడుతుంది అని చెప్పినప్పుడు మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఇది మా వృత్తేనని క్లాసంతా వినేలా అన్నాడు.

సర్వరు దగ్గర మాత్రం అతనికి కొంచెం గుచ్చుకుంది. సర్వరంటే ఎక్కడో ఉండే పెద్ద కంప్యూటరనీ, దానికి నిద్ర లేదనీ, ఎవరొచ్చి తట్టినా అడిగిన పేజీ తీసి చేతిలో పెడుతుందనీ ఆమె చెప్పింది.

"ఎవరు నువ్వని అడగదా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"అడగదు బాబాయ్. అడగమని మనం చెబితే తప్ప అడగదు."

నలభై ఏళ్ళలో ముక్కూమొహం తెలియని వాడికి ఒక్క చెవి ఇచ్చిన మనిషి కాదు. పెన్ను ఆపి కాసేపు ఆ మాటవైపే చూశాడు. తర్వాత, పెద్ద చదువులు మనకేం తెలుస్తాయిలే అనుకుని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఆ తర్వాతి పాఠం బొమ్మల గురించి. బొమ్మ పెడితే వస్తువు ఎంత పెద్దదో చూసేవాళ్ళకు తెలియాలంది. ప్రతి బొమ్మకూ ఆల్ట్ టెక్స్ట్ రాయాలంది. అంటే బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పడం. అది పేజీ మీద కనపడదు, కోడులోపల ఉంటుంది. చూపు లేనివాళ్ళకు కంప్యూటరు దాన్ని చదివి వినిపిస్తుంది. సెర్చ్ ఇంజన్ కూడా దాన్నే చదువుతుంది, ఎందుకంటే అది వీధివీధీ తిరిగి ప్రతి గోడ మీది రాతనూ గుర్తుపెట్టుకునే రకం. బొమ్మల కన్నా దానికి అక్షరాలతోనే సులువు. మేస్త్రి ఇవన్నీ బుద్ధిగా విన్నాడు. ముఖ్యంగా చూపు లేనివాళ్ళకు అన్యాయం చేయకూడదని గట్టిగా అనుకున్నాడు. బద్ధకస్తుడైన విద్యార్థి అయ్యుంటే ఈ కథే ఉండేది కాదు.

రెండు వారాలు కూర్చుని సైటు తయారుచేశాడు. గుమ్మంలో పెద్దక్షరాలతో, "నేను చేసిన ప్రతి తాళంచెవికీ నకలు నా దగ్గరుంటుంది. మీరు పోగొట్టుకున్నా నేను పోగొట్టుకోను" అని రాశాడు. లోపలి గదిలో తన పనితనం చూపించే నలభై చెవుల ఫోటోలు. పదిహేడో మేకుది తప్పకుండా పెట్టాలనుకున్నాడు, ఎందుకంటే ఏడు గాట్లతో అంత నాజూకుగా తను ఇంకోటి చేయలేదు. కొలత తెలియాలంది కదా టీచరమ్మ, ప్రతి చెవినీ చిన్న చిన్న గళ్ళున్న గ్రాఫు కాగితం మీద పరిచి, పైనుంచి నిటారుగా, గాటుగాటు తేటగా కనపడేలా ఫోటో తీశాడు. బొమ్మలో ఏముందో రాయమంది కదా, అట్టముక్కల మీదున్నదంతా పొల్లుపోకుండా ఆల్ట్ టెక్స్ట్‌లోకి ఎక్కించాడు. పేరు, వీధి, ఇంటి గుర్తు. పేజీ మీద ఒక్క అక్షరం కనపడలేదు కాబట్టి తప్పేదో చేస్తున్నానన్న అనుమానమే రాలేదు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టంటారే, ఈయన గళ్ళకాగితం మీద కొలతలు కూడా వేసి ఇచ్చాడు.

అప్‌లోడు చేసిన రోజు టీచరమ్మ అతని కుర్చీ పక్కన నిలబడి పేజీ పైకీ కిందికీ జరిపి చూసింది. తాళంచెవులు గోరంత బొమ్మలుగా వరసగా కనపడ్డాయి. బొమ్మలు బరువెక్కువున్నాయి, కొంచెం తగ్గించండి అంది. ఆల్ట్ టెక్స్ట్ రాశారా అని అడిగింది.

"ఒక్కటీ వదల్లేదమ్మా."

"క్లాసులో మీరొక్కరే రాశారు బాబాయ్" అని ఆమె మెచ్చుకుంది. మేస్త్రి ఆ పూటంతా మీసం కింద నవ్వుకుంటూనే ఉన్నాడు.

సైటుకు ఎవరెవరొచ్చారో లెక్క చూపించే పేజీ ఒకటుంటుంది. మొదటి వారం పదకొండు రాకలు, అందులో తొమ్మిదిసార్లు తనే. రెండో వారం కూడా అంతంతమాత్రమే. మూడో వారం మంగళవారం పొద్దున చూస్తే ఒక్క బొమ్మనే నలభై ఆరుసార్లు చూశారని ఉంది. మేస్త్రి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పదిహేడోది. చెయ్యి తిరిగిన పనిని గుర్తుపట్టేవాడు ఒకడున్నాడన్నమాట అని భార్యతో అన్నాడు. చెవిని అన్నిసార్లు చూడ్డమేమిటండీ, పెళ్ళిచూపులా అని ఆవిడ పెదవి విరిచింది. బుధవారం క్లాసులో టీచరమ్మకు చెబుదామనుకున్నాడు గానీ, ఆమె చుట్టూ జనం, కుదరలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేదన్నది ఈరోజుకీ అతన్ని నిద్రపోనివ్వని మాట.

శుక్రవారం పాఠం కుకీల గురించి. ఒక సైటుకు మనం వెళ్ళొస్తే, అది మన బ్రౌజర్లో ఒక చిన్న గుర్తు వదులుతుంది, మళ్ళీ వెళితే గుర్తుపడుతుంది అని చెబుతూ టీచరమ్మ నవ్వింది. "మెషీను గుర్తుపెట్టుకుంటోంది, నేనే మర్చిపోతున్నాను. మొన్న బుధవారం కిటికీ గట్టిగా మూసి క్లాసుకొచ్చాననుకున్నాను. వెళ్ళి చూస్తే బార్లా తీసుంది." అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

క్లాసయ్యాక ఫోను పట్టుకుని ఆమె బల్ల దగ్గరకు వెళ్ళాడు. మీ తాళంచెవినే అందరూ చూస్తున్నారమ్మా, నలభై ఆరుసార్లు అని గర్వంగా చెప్పాడు. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఏ తాళంచెవి అంది. ఫోను తీసుకుని లెక్కల పేజీలో ఇంకొంచెం కిందికి వెళ్ళింది. చూసినవాళ్ళు ఏం మాటలు వెతికి ఇక్కడికొచ్చారో అక్కడ ఉంటుంది. అక్కడున్నది ఒకే మాట. ఆమె పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా.

ఆమె ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. బొమ్మ మీద నొక్కి, కోడు తెరిచి, ఆల్ట్ టెక్స్ట్ చదివింది. పేరు. లైబ్రరీ వెనక వీధి. పచ్చ గేటు. పైగది. తిట్టలేదు, కేకలేయలేదు. పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే మాట్లాడింది, అందుకే మేస్త్రికి భయమేసింది.

"ముందు ఇది తీసేద్దాం బాబాయ్."

"తీసేస్తే పోతుంది కదమ్మా?"

"మన గోడ మీద పోతుంది. సెర్చ్ వాళ్ళ దగ్గర ఒక నకలుంటుంది, దాన్ని కాష్ అంటారు. అది పోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎవరైనా డౌన్‌లోడు చేసుకుని ఉంటే, అది ఎప్పటికీ పోదు."

మేస్త్రి ఫోను వైపు చూశాడు. నకలుంటుంది అన్న మాట గుమ్మంలో పెద్దక్షరాలతో రాసుకున్నది తనే.

సైటు మొత్తం దించేశారు. ఆమె పోలీసు స్టేషనుకు ఫోను చేసింది. ఎవరైనా వచ్చారా అని అడిగారట, లేదంటే, వచ్చినప్పుడు చేయండి అన్నారట. మేస్త్రి కొట్టుకు పరుగెత్తి కొత్త తాళం, పదిహేడో మేకు మీది చెవి, పనిముట్ల సంచీ తీసుకుని పచ్చ గేటు ఇంటికి వచ్చాడు. పాత తాళం ఊడదీసి వెలుతురుకు పట్టి చూశాడు. నోటి దగ్గర ఒక్క గీత లేదు, ఒక్క గోకుడు లేదు.

"శుభ్రంగా ఉందమ్మా. ఎవరూ వేలు పెట్టలేదు" అన్నాడు.

ఆమె అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది. మేస్త్రి మాత్రం తల ఎత్తలేదు. సరైన చెవితో తెరిస్తే తాళానికి గీత పడదు. నలభై ఏళ్ళ అనుభవం ఆ సంగతి చెవిలో చెబుతూనే ఉంది. కిటికీ మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చినదాన్ని మింగేశాడు. ఆమె ఆ ఒక్క ఊపిరైనా పీల్చుకోనీ అనుకున్నాడు. అది జాలో పిరికితనమో అతనికే తెలియదు.

కొత్త తాళానికి ఒకే ఒక్క చెవి చేశాడు. మూడుమూలల గాటు పెట్టడానికి చెయ్యి అలవాటుగా వెళితే వెనక్కి లాక్కున్నాడు. చెవి ఆమె చేతిలో పెట్టి, పదిహేడో మేకుది ఆమె కళ్ళముందే సుత్తితో కొట్టి ముక్కలు చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. ఒంటిగంటన్నరకు ఆమె గది మూసి లైబ్రరీకి వెళ్ళింది, సాయంత్రం ఐదుదాకా ఆమెకు పనుంది.

శనివారం పొద్దున కొట్టు తీసి గంటయిందో లేదో, ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, చేతిలో ఒక బరువైన సంచీ. కూర్చోమంటే కూర్చున్నాడు, సంచీ మాత్రం కింద పెట్టకుండా ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"నమస్కారం మేస్త్రీ గారూ. మీ వెబ్‌సైటు చూశాను. ఎంత శుభ్రంగా చేశారండీ. ఎక్కడా ఏదీ వెతుక్కోనక్కర్లేదు."

జేబులోంచి ఒక తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఏడు గాట్లు. కొత్త ఇత్తడి. ఆకురాయి తన చెయ్యి పోయే వైపుకు కాకుండా ఎదురువైపుకు పోయింది, అంటే వేరే ఎవరి చేతిపనో. కానీ తల దగ్గర, గోరంత మూడుమూలల గాటు. దానితో పనేమీ లేదని కోసినవాడికి తెలియదు. ఫోటోలో ఉంది కాబట్టి కోశాడు.

మేస్త్రి చెవిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. కళ్ళజోడు సర్దుకుని, ఎవరిదండీ ఇల్లు అని అడిగాడు.

"మా ఆవిడదండీ. అంటే మాదే" అన్నాడు ఆయన నవ్వుతూ. "నిన్న మధ్యాహ్నం వెళితే ఇది తిరగలేదు. బుధవారం బాగానే తిరిగింది. మధ్యలో ఎవరో తాళం మార్చినట్టున్నారు. మీరేనేమో. మీరు పోగొట్టుకున్నా నేను పోగొట్టుకోను అని రాశారుగా, ఆ నకలిప్పించండి, చాలు."

మేస్త్రి గోడవైపు చూశాడు. మూడువందల పదకొండు చెవులు. పదిహేడో మేకు ఖాళీ. మామూలుగా అయితే కొత్త చెవికి జోడీ ఇప్పుడు అక్కడ వేలాడుతుండేది, పేరుతో సహా. నలభై ఏళ్ళలో రెండోది చేయకపోవడం ఇదే మొదటిసారి.

"ఇంటి దగ్గరుందండీ. రెండు నిమిషాల్లో తెస్తాను, కూర్చోండి" అన్నాడు.

"నిదానంగా రండి. నాకేం తొందర లేదు."

బయటికి వచ్చి, ఒక్క గుంజుడులో షట్టరు కిందికి లాగి తాళం నొక్కాడు. లోపల్నుంచి అరుపులొస్తాయనుకున్నాడు, రాలేదు. కాసేపటికి మేకుల మీంచి చెవులు ఒక్కొక్కటే తీస్తున్న చప్పుడు వినపడింది. తీరిగ్గా, వరసగా, అట్టముక్కలు చదువుకుంటున్న మనిషిలా. మేస్త్రి వీపు షట్టరుకు ఆనించి నిలబడి, పోలీసులకు ఫోను చేసి, ఒకడు వచ్చాడండీ, ఇప్పుడు రండి అన్నాడు. తర్వాత లైబ్రరీకి చేశాడు.

పోలీసులు వచ్చి అతన్ని తీసుకుపోయారు. సంచీలో ఏముందో వాళ్ళు చెప్పలేదు, మేస్త్రి అడగలేదు. జీపు మలుపు తిరిగేదాకా లైబ్రరీ నుంచి వచ్చిన టీచరమ్మ రోడ్డవతలి గోడనానుకుని నిలబడే ఉంది. తర్వాత రోడ్డు దాటి వచ్చింది. గోడమీది చెవులన్నీ బల్ల మీద వరసగా పేర్చి ఉన్నాయి. మేస్త్రి ఆమె ముఖంలోకి చూడలేక వాటినే చూస్తున్నాడు. తప్పయిపోయిందమ్మా అనబోయాడు గానీ, అంత చిన్న మాటకు నోరు రాలేదు.

"ఏమన్నాడు బాబాయ్?"

నకలడిగాడని చెప్పాడు. నిన్న మధ్యాహ్నం తిరగలేదన్నాడని చెప్పాడు. అక్కడితో ఆగిపోయాడు.

"ఇంకేమన్నాడు?"

నిన్న మింగినది ఇవాళ కూడా మింగితే, ఇక ఈ చేతులతో ఎవరి తలుపూ ముట్టుకోకూడదనిపించింది మేస్త్రికి.

"బుధవారం తిరిగిందన్నాడమ్మా."

ఆమె బల్ల మీది చెవుల్లో ఒకదాన్ని తీసుకుని, దాని అట్టముక్క బోర్లా తిప్పి పెట్టింది. పక్కదాన్ని తిప్పింది. ఆ పక్కదాన్ని తిప్పింది.

"అయితే ఆ కిటికీ నేను మూసే వచ్చాను" అంది.